సమాధుల తోట నుంచి నేరుగా డ్యూటీకి

దయ్యాలు లేవు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఈ సంగతి విన్నవాళ్ళలో సగం మంది ఇప్పుడు నన్ను అదోలా చూస్తున్నారు. నేను ఇరవై ఏళ్ళకు పైగా నర్సును. ప్రాణం పోయిన వాళ్ళ కళ్ళు మూసి, దవడకు గుడ్డ కట్టి, ఒళ్ళు తుడిచి పంపిన చేతులు ఇవి. వాళ్ళలో ఒక్కరు కూడా తిరిగొచ్చి నన్ను పలకరించలేదు. నన్ను భయపెట్టినవాళ్ళంతా బతికున్నవాళ్ళే.

కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను. చదివాక మీకేమైనా అర్థమైతే సంతోషం. నాకు అర్థం కాలేదు. కోపం మాత్రం ఇంకా తగ్గలేదు.

మాది చెన్నైలో వ్యాసర్పాడి. తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి వచ్చి మద్రాసు కార్పొరేషన్ పనుల్లో చేరిన కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, చర్చిలో రెండూ. నర్సింగ్ చదివి కొన్నేళ్ళు గల్ఫ్‌లో చేసి వచ్చాను. ఇప్పుడు అంబత్తూరు వైపు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో బాలింతల వార్డు చూస్తున్నాను. ఆసుపత్రి పేరు చెప్పను. చెబితే రేపు ఉద్యోగం ఉండదు.

ముందు ఆటే నెనీ ఎవరో చెప్పాలి. గల్ఫ్‌లో నా సీనియర్. ఫిలిప్పీన్స్ మనిషి. అసలు పేరు నెనితా. వాళ్ళ భాషలో ఆటే అంటే అక్క అని. తెలుగువాళ్ళం, మలయాళీలు, అందరం ఆమెను అలాగే పిలిచేవాళ్ళం. పొట్టి మనిషి, గుండ్రటి మొహం, ఏసీ పడదని ఎప్పుడూ బూడిద రంగు స్వెట్టర్. తర్వాత రాయపురం తెలుగాయన్ని, ఓడలో వంటపని చేసే జోసెఫ్ అన్నను, పెళ్ళి చేసుకుని చెన్నైకి వచ్చేసింది. అత్తగారి దగ్గర తెలుగు నేర్చుకుంది. ఫిలిప్పీన్స్ మనిషి నోట్లోంచి 'ఈడ, ఆడ' అని వస్తుంటే ఇక్కడి మా వార్డులో అందరూ నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది.

పని మాత్రం నవ్వులాట కాదు. రోగిని తాకే ముందు రెండు చేతుల్లోకీ నోటితో ఊదుకుని, బాగా రుద్దుకుని, వెచ్చబడ్డాక ముందు కాళ్ళు పట్టుకునేది. చెయ్యి కాదు, కాళ్ళు. మెషీన్ నిజమే చెబుతుంది కానీ ఆలస్యంగా చెబుతుందనేది. నాకు నేర్పింది కూడా అదే.

టీ తాగేటప్పుడు వాళ్ళ ఊరి నర్సుల సంగతులు చెప్పేది. నవ్వుతూనే చెప్పేది గానీ వింటుంటే నాకు ఒళ్ళు మండేది. వాళ్ళ దీవుల్ని అమెరికావాళ్ళు ఏలుతున్న కాలంలో నర్సింగ్ బడులు పెట్టారట. మొదట్లో మర్యాదస్తుల ఇళ్ళ వాళ్ళు ఆడపిల్లల్ని పంపనన్నారట, పరాయి మగవాళ్ళ ఒళ్ళు తుడిచే పిల్లను ఎవరు చేసుకుంటారని. నేను నర్సింగ్‌లో చేరినప్పుడు మా మేనత్త కూడా అచ్చం అదే మాట అంది. ఆటే వాళ్ళ అమ్మమ్మకి అమ్మ ఇంట్లో పోట్లాడి మరీ చేరిందట. తెల్ల టోపీ, ఇంగ్లీషులో రిపోర్టు చెప్పడం, దుప్పటి మూలలు మడవడం, అన్నీ అమెరికా టీచర్ల దగ్గర నేర్చుకుంది. చేతులు వెచ్చచేసుకుని కాళ్ళు పట్టుకోవడం మాత్రం ఆమె సొంతం. అది తల్లి నుంచి కూతురికి దిగుతూ ఆటే దాకా వచ్చింది.

తర్వాత అమెరికాలో నర్సులు చాలక ఆ దీవుల పిల్లల్నే పిలిపించుకున్నారు. పేరుకు శిక్షణ, చేయించుకున్నది పూర్తి డ్యూటీ. వాళ్ళ భాష, వాళ్ళ పద్ధతి ముందే నేర్పి పెట్టుకున్నారు కదా, ఇంక కష్టమేముంది? ఆ తర్వాత గల్ఫ్, ఇంగ్లండ్. చివరికి వాళ్ళ ప్రభుత్వమే పిల్లల్ని బయటికి పంపడం పనిగా పెట్టుకుంది. డబ్బు పంపిస్తారు కాబట్టి దేశానికి వీరులని పొగిడేది.

ఆటే వాళ్ళమ్మ ఊళ్ళోని చిన్న ఆసుపత్రిలో పోయింది. ఆడపిల్లలందరూ నర్సులే. తలా ఒక దేశంలో ఎవరెవరి తల్లులకో మందులిస్తున్నారు. ఆ పూట ఆ వార్డులో నర్సు లేదు. ఉన్నవాళ్ళంతా విమానాలెక్కి వెళ్ళిపోయారు. "ఊరినిండా నర్సులే సుగుణా, మా అమ్మ కాడ మాత్రం ఒక్కతీ లేదు" అంది ఆటే. ఆ సంగతి ఒక్కటే ఆమె నవ్వకుండా చెప్పింది.

చెన్నైలో ఆమె చదువు చెల్లలేదు. ఇక్కడ రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి రోగిని ముట్టుకోకూడదు. అది చట్టం, సరే. మా ఆసుపత్రి వాళ్ళు దానిలోనూ లాభం చూసుకున్నారు. ఆమెను కొత్త పిల్లలకు నేర్పడానికి పెట్టుకున్నారు. స్టాఫ్ కాదు, కన్సల్టెంట్ అన్నారు. నర్సులు తక్కువైన రోజు ఆ పిల్లల పక్కన నిలబడి ఏం చేయాలో నోటితో చెప్పాలి. మా దగ్గర నర్సులు తక్కువ కాని రోజు ఏది? చేతులు స్వెట్టర్ జేబుల్లో పెట్టుకుని వార్డంతా తిరిగేది. ఎందుకలా అంటే, బయట పెడితే అవి ఊరుకోవు అనేది.

ఇంకో నర్సును పెట్టండని మేం అడగని నెల లేదు. అడ్మిన్ మేనేజర్ జవాబు ఎప్పుడూ ఒకటే. "పెట్టి ఏం లాభం సిస్టర్? అనుభవం రాగానే గల్ఫ్‌కి ఎగిరిపోతారు." ఆయన కూడా తెలుగాయనే, మాట మెత్తగా ఉంటుంది. ఉన్నవాళ్ళతో ఇద్దరి పని చేయిస్తే ఎగిరిపోక ఏం చేస్తారు?

పోయిన ఏడాది వానాకాలంలో ఆటే క్లాసు చెబుతూ చెబుతూ కూలబడిపోయింది. తలలో రక్తనాళం చిట్లింది. రెండు రోజులకే పోయింది.

ఆసుపత్రి గేటు దగ్గర ఆమె ఫోటో పెట్టలేదు. ఏదో డాక్టరుగారి మామగారు పోతే ఫ్లెక్స్ కట్టినవాళ్ళు వీళ్ళు. సమాధి కార్యక్రమానికి ఒక రోజు సెలవు అడిగితే మేనేజర్ ఇవ్వలేదు. "ఆవిడ మన స్టాఫ్ కాదు కదా సిస్టర్. పోయి మట్టేసి డ్యూటీ టైముకు వచ్చేయండి" అన్నాడు. ట్రైనింగ్ పిల్లలకు సెలవిచ్చారు, ఎటూ ఆ రోజు క్లాసు చెప్పేవాళ్ళు లేరు కాబట్టి.

ఇక్కడ ఒక ఆచారం సంగతి చెప్పాలి. ఆటే వాళ్ళ వైపు, చావుకు వెళ్ళినవాళ్ళు నేరుగా ఇంటికి రాకూడదు. దారిలో టీ కొట్టులోనో బజారులోనో కాసేపు ఆగి రావాలి. అలా ఆగకపోతే పోయిన మనిషి వెంట వచ్చేస్తుందట. దుమ్ము దులుపుకున్నట్టు ఆ చావును దులుపుకుని రావడం అన్నమాట. పగ్పగ్ అంటారు. మా అమ్మది దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి. ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషే గానీ, "సావుకు పోతే నేరుగా ఇంటికి రా. దార్లో ఎవురింట్లో కాలు పెట్టబాకు. వాకిట్లోనే నీళ్ళు పోసుకో" అంటుంది. ఎవరిది సరైన పద్ధతి అని గల్ఫ్‌లో నేనూ ఆటే బోలెడన్నిసార్లు వాదించుకున్నాం.

ఆ రోజు సమాధుల తోటలో మట్టి వేశాక, ట్రైనింగ్ పిల్లలు ఆటే చెప్పినట్టే వీధి చివర టీ కొట్టు దగ్గర ఆగారు. నేను ఆగలేదు. ఇంటికీ పోలేదు. ఆటో పట్టుకుని నేరుగా ఆసుపత్రికి వచ్చి, యూనిఫారం వేసుకుని, బాలింతల వార్డులో మధ్యాహ్నం డ్యూటీ ఎక్కాను. ఎవరి పద్ధతిలో చూసినా అది చేయకూడని పనే. నర్సులకు తప్ప ఇంకెవరికీ ఆ గతి పట్టదు.

వార్డుకు నేనొక్కదాన్నే. ఆయాను లేబర్ రూముకు లాక్కున్నారు. పొద్దుటి డ్యూటీ పిల్ల అప్పగింత చెప్పేటప్పుడు అందరూ బాగానే ఉన్నారు. చివరి గదిలో కవిత అనే అమ్మాయి, తొలి కాన్పు, పొద్దున్నే సిజేరియన్ అయింది. బీపీ బాగుంది, నిద్రపోతోంది అని చెప్పి వెళ్ళింది.

అంతే, మొదలైంది. ఈ చివర ఇంకో తల్లిని ఆపరేషన్ నుంచి తెచ్చారు. ఆమెకు వాంతులు. పక్క గదిలో బిడ్డ పాలు పట్టడం లేదు. ఇంకో గదిలో సెలైన్ అయిపోయింది. బెల్లులు మోగుతూనే ఉన్నాయి. ఒక దగ్గర నిలబడితే ఇంకో దగ్గర కేకలు. చివరి గది వైపు వెళ్ళే సందే దొరకలేదు.

అప్పుడు కవిత అత్తగారు వచ్చింది. మంగమ్మ అని, మాధవరం పాల కాలనీ వైపు తెలుగువాళ్ళు. కంగారేమీ లేదు, ఎవరో పంపిస్తే వచ్చినట్టు వచ్చింది.

"సిస్టరమ్మా, సుగుణ అంటే నువ్వేనా? ఆ సిస్టరు నిన్ను పిలుచుకోని రమ్మనింది."

"ఏ సిస్టరమ్మా?"

"మా కోడలి కాడ ఉండాదే, ఆ సిస్టరు. కాళ్ళు సల్లంగుండాయి, సుగుణని పిలువు మా అనింది."

నాకు ముందు కోపమే వచ్చింది. నేనిక్కడ చస్తుంటే, అక్కడ చేతులు కట్టుకుని నిలబడి నాకు కబురు పంపే మహారాణి ఎవరా అనుకున్నాను. పై అంతస్తు నుంచి ఎవరినైనా సాయానికి పంపారేమో అనే ఆశ కూడా లేకపోలేదు. విసవిసా వెళ్ళాను.

గదిలో నర్సు లేదు. కవిత మొహం గోడ వైపు తిప్పుకుని ఉంది. దుప్పటి కాళ్ళ దగ్గర చీలమండల పైకి మడిచి ఉంది. పాదాలు పట్టుకున్నాను. ఫ్రిజ్‌లోంచి తీసిన పాల ప్యాకెట్టులా ఉన్నాయి. నాడి పరిగెడుతోంది. పెదాలు పాలిపోయాయి. దాహం, దాహం అని గొణుగుతోంది. కింద రక్తం పోవడం లేదు గానీ పొట్ట బిగుసుకుపోయి ఉంది. లోపల రక్తం కారుతోందని అర్థమైంది.

డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చింది. మళ్ళీ థియేటరుకు తీసుకెళ్ళారు. రక్తం ఎక్కించారు. మంగమ్మ పసిబిడ్డను ఎత్తుకుని నడవాలో నేల మీద కూర్చుండిపోయింది. ఆ బిడ్డకు తల్లి మిగులుతుందో లేదో ఆ సాయంత్రం మాలో ఎవరికీ తెలియదు.

మిగిలింది. చీకటి పడుతుండగా డాక్టరమ్మ బయటికొచ్చి, "ఇంకాస్త ఆలస్యమైతే చెయ్యి దాటిపోయేది సుగుణా. ఎలా పట్టుకున్నావు?" అంది. కాళ్ళు చల్లగా ఉన్నాయని చెప్పాను. చెప్పి పంపింది ఎవరో నాకే తెలియదు, ఇంకేం చెబుతాను?

ఆ నర్సును వెతికాను. దణ్ణం పెట్టడానికి కాదు, తిట్టడానికి. అలాంటి స్థితిలో ఉన్న పిల్లను వదిలేసి ఎక్కడికి పోయావని అడగాలనుకున్నాను. అన్ని అంతస్తులూ అడిగాను. మా వార్డుకు ఎవరినీ పంపలేదన్నారు. ట్రైనింగ్ పిల్లలేమో సమాధుల తోట నుంచి ఇళ్ళకు పోయారు. నడవాలో కెమెరా ఉంది కదా అని సెక్యూరిటీని అడిగితే, అది చెడిపోయి చాలా కాలమైందక్కా అన్నాడు. చెడిపోయిందని మేం చెప్పినప్పుడు పట్టించుకున్న నాథుడు లేడు.

అప్పుడు మంగమ్మను కూర్చోబెట్టి నిదానంగా అడిగాను. ఆమె చెప్పింది ఇది. పొట్టి సిస్టరు. మూతికి మాస్కు ఉంది. కళ్ళు చిన్నవి, మన ఆసుపత్రుల్లో ఉంటారే ఈశాన్యం పిల్లలు, అలా ఉంది, కానీ వయసు మనిషి. తెలుగు మాట్లాడింది, మన తెలుగే, కానీ తర్వాత నేర్చుకున్న దానిలా. వచ్చీ రాగానే చేతుల్లోకి ఊదుకుని, రుద్దుకుని, కోడలి కాళ్ళు పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

మాస్కు వేసుకుని చేతుల్లోకి ఎలా ఊదిందమ్మా అని అడిగాను. కిందికి లాక్కుని ఊది మళ్ళీ పెట్టుకుంది, నేను బిడ్డను చూసుకుంటా ఉన్నా అంది. ఫోనులో ఆటే ఫోటో చూపించాను. చాలాసేపు చూసింది. "మొకం సరింగా సూడలా తల్లీ. ఈమే అని సత్యం చెయ్యలేను. చేతులు మాత్రం ఇట్నే పొట్టిగా ఉన్నాయి" అంది. ఆమె తడుముకోకుండా అవునని ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. చెయ్యలేను అంది కాబట్టే నాకు నిద్ర పట్టలేదు.

మా హాస్పిటల్లో ఈశాన్యం అమ్మాయిలు ఉన్నారు. వాళ్ళలో వయసు మనిషి ఎవరూ లేరు, తెలుగు ఎవరికీ రాదు. ఆటే దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఎవరైనా ఆ చేతులు రుద్దే పని చేయవచ్చు, నిజమే. ఒక్కొక్కరినీ అడిగాను. ఒక ప్రాణం కాపాడిన పనికి, నేనే అని ఎవరైనా సంతోషంగా చెప్పుకుంటారు. ఎవరూ చెప్పుకోలేదు.

ఇంటికి వెళ్ళి వాకిట్లో నీళ్ళు పోసుకుంటుంటే అమ్మకు చెప్పాను. చెంబు పట్టుకుని విన్నది. "నువ్వు ఆడా ఈడా ఆగకుండా పోతివి గదా, ఆ యమ్మ నీ యెంటే వచ్చుండాది. రానీ. మంచికే గదా వచ్చింది" అని తువ్వాలు ఇచ్చింది. నాకు ఏడుపు ఆగలేదు.

జోసెఫ్ అన్నకు చెప్పాలా వద్దా అని తర్జనభర్జన పడి, చివరికి చెప్పాను. ఆయన ఇంకేదీ అడగలేదు. "కాళ్ళు ముట్టుకునిందా?" అన్నాడు. ముట్టుకుందట అన్నా అన్నాను. "పోనీలే. అప్పుడైనా ముట్టుకునింది" అన్నాడు. ఈ ఒక్క మాట కోసమైనా నేను ఆ ఆసుపత్రివాళ్ళను క్షమించను.

ఇలాంటివి దాగవు. మంగమ్మ పక్క మంచం వాళ్ళతో చెప్పింది, వాళ్ళు క్యాంటీన్‌లో చెప్పారు, వారం తిరిగేసరికి చివరి గది మాకు వద్దని తల్లులు అడగడం మొదలైంది. అప్పటికి గానీ మేనేజర్‌కు నేను కనబడలేదు. పిలిచాడు.

"సావుకు పోయి నేరుగా బాలింతల వార్డులోకి వస్తే ఇట్లాంటివే జరుగుతాయి సిస్టర్. ఆ మాత్రం తెలీదా?"

"సెలవు అడిగాను సార్. మీరే ఇవ్వలేదు."

ఆయన క్యాలెండర్ తిప్పి చూశాడు. శుక్రవారం హోమం పెట్టిస్తున్నామని, మీ వాళ్ళ తృప్తి కోసం పాస్టర్‌ను కూడా పిలుస్తామని, ఆవిడ ఉంటే గింటే వెళ్ళిపోతుందని చెప్పాడు. ఎంత మెత్తగా చెప్పాడో. ఒక మనిషి ప్రాణం ఎందుకు పోబోయింది, వార్డులో ఒక్క నర్సు ఎందుకుంది, ఇవేవీ ఆయన నోట రాలేదు. వచ్చి కాపాడినదాన్ని తరమడానికి మాత్రం ముహూర్తం పెట్టించాడు.

"ఆటే స్టాఫ్ కాదన్నారు కదా సార్. స్టాఫ్ కాని మనిషిని డ్యూటీ నుంచి ఎలా పంపించేస్తారు?" అన్నాను. జోక్ అనుకుని నవ్వాడు. నేను నవ్వలేదు. "సరే, పంపించేయండి. ఆమె పోయాక ఆ చివరి గదికి ఎవరు వెళ్తారు సార్?" అన్నాను. ఫోను తీసి చూసుకున్నాడు.

హోమం జరిగింది. పొగకు పసిబిడ్డలు దగ్గుతుంటే తల్లుల్ని లేపి నడవాలోకి తెచ్చి నిలబెట్టారు. కుట్లు పచ్చిగా ఉన్నవాళ్ళు గోడ పట్టుకుని నిలబడ్డారు. తర్వాత పాస్టర్ వచ్చి గది గదికీ ప్రార్థన చేశాడు. నేను వెనక నిలబడ్డాను. ప్రార్థన చెయ్యలేదు. ఆటేతోనే మాట్లాడాను, మనసులో. వీళ్ళ కోసం కాదు, నీ కోసం చెబుతున్నాను, వెళ్ళిపో ఆటే అన్నాను. బతికినన్నాళ్ళూ చేశావు, పోయాక కూడా చేయాలా? వీళ్ళు నిన్ను ఊరికే వాడుకుంటారు అన్నాను.

ఆ తర్వాత ఎవరికీ ఏమీ కనబడలేదు. హోమం వల్లేనని మేనేజర్ అంటాడు. ఆయన ఇష్టం.

కవిత బిడ్డకు ఇప్పుడు నడక వస్తోంది. మొన్న టీకాకు తెచ్చినప్పుడు మంగమ్మ నన్ను పక్కకు లాగి, ఆ సిస్టరు మళ్ళీ వచ్చిందా అని అడిగింది. రాలేదమ్మా అన్నాను. ఆమె మొహం చిన్నబోయింది. ఆ వేళ కూడా వార్డులో బెల్లులు మోగుతున్నాయి, నేను నిలబడి మాట్లాడే వీలు లేక వెళ్ళిపోయాను.

ఎంత ఆలోచించినా నాకు తెగలేదు. ఆ మధ్యాహ్నం ఆ గదికి వెళ్ళింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. వెళ్ళాల్సింది ఎవరో మాత్రం బాగా తెలుసు. ఆ రెండో నర్సును ఈ రోజుకీ పెట్టలేదు.